‘ఇక్కడ అంతా బాగానే ఉంది’ అనే మాట కింద ఏముంది?

పాలకొల్లు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. ఒక ఆడియో కథకి ఆడిషన్ ఇచ్చారట. గల్ఫ్‌లో ఇంటిపని చేస్తున్న కూతురితో ఇక్కడ తల్లి ఫోన్‌లో మాట్లాడే సీను. లైను ఇది: "ఇక్కడ అంతా బాగానే ఉంది. నువ్వేం బెంగెట్టుకోకు." మూడు టేకులయ్యాక దర్శకుడు "చదువుతున్నారు, దాని కింద ఉన్నది రావట్లేదు" అన్నారు. నాలుగో టేకులో గొంతులో ఏడుపు పెట్టి చెప్తే "ఇది అసలు కాదు" అన్నారు. స్క్రిప్టులో రాయని అర్థాన్ని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక గొంతులోకి ఎలా తెచ్చుకోవాలి అని అడుగుతున్నారు.

నాది అమలాపురం దగ్గర ఊరు. పరిషత్తు నాటకాలతో, అంటే పోటీలకి ఆడే నాటకాలతో మొదలుపెట్టాను. తర్వాత రేడియో నాటకాలు, డబ్బింగు, ఈమధ్య ఎక్కువగా ఆడియో పుస్తకాలు. మొత్తం 26 ఏళ్లు. ముందు మీ నాలుగో టేకు గురించి చెప్తాను. మొదటి మూడింటికన్నా అదే ముఖ్యం. అక్కడ మీరు అర్థాన్ని పట్టుకున్నారు. పట్టుకుని బయట పెట్టేశారు. సరిగ్గా ఆ తప్పే నేనూ చేశాను, అది తప్పని నాకు తెలియడానికి ఒక పెద్దమనిషి చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు నాకు 28 ఏళ్లు. ఒక శ్రవ్య నాటకంలో అరవై ఏళ్ల కొబ్బరి రైతు వేషం ఇచ్చారు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, చాలాకాలం తర్వాత ఇంటికొచ్చాడు. వీధి అరుగు మీద తండ్రీ కొడుకుల మాటలు. నాకు గుర్తున్నంత వరకు రాస్తాను. దింపు అంటే చెట్ల మీంచి కాయలు దించడం.

తండ్రి: ఎప్పుడొచ్చావు?
కొడుకు: ఇప్పుడే.
తండ్రి: అమ్మ లోపలుంది.
కొడుకు: మీరు భోంచేశారా?
తండ్రి: రెండో తోటలో దింపు ఉంది రేపు.
కొడుకు: రేపు పొద్దున్నే వెళ్ళిపోవాలి నాన్నా.
తండ్రి: వెళ్ళు. పనులుంటాయిగా.

ఆఖరి లైను దగ్గర నేను గొంతు వణికించాను. పరిషత్తు నాటకాల అలవాటు, ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా బాధ చేరాలని ఆరాటం. చెప్పేశాక బాగా వచ్చిందనే అనుకున్నాను. ప్రయోక్త, అంటే నాటకాన్ని నడిపించే ఆయన, టేపు ఆపించి లోపలికొచ్చారు. ఆయన కోప్పడలేదు. "నువ్వు అంత బాధగా చెప్తే ఆ అబ్బాయికి వినపడదా? వినపడితే వాడు ఉండిపోడా? మరి తర్వాతి సీన్లో వాడు బస్సులో ఎందుకున్నాడు?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఏ స్క్రిప్టు చేతికొచ్చినా నేను మొదట వేసుకునే ప్రశ్న అదే. మీరూ వేసుకోండి: నేను చెప్పే పద్ధతిలో ఈ మాట కింద ఉన్నది అవతలి పాత్రకి వినపడిపోతోందా? వినపడిపోతే అవతలి పాత్ర తర్వాతి లైను మారిపోవాలి. స్క్రిప్టులో అది మారలేదంటే ఈ పాత్ర దాన్ని దాచగలిగిందని లెక్క. మనం చెయ్యాల్సింది ఆ దాచడం. బాధని నటించకూడదు, బాధ కనపడకుండా ఆ మనిషి పడే శ్రమని నటించాలి. వినేవాడు ఆ శ్రమని పసిగడతాడు. కొడుకు పసిగట్టడు, లేదా పసిగట్టి కూడా తెలియనట్టు ఉంటాడు.

ఇప్పుడు ఆ ఏడు లైన్లనీ మళ్లీ చూడండి. "ఎప్పుడొచ్చావు?" అన్నది ప్రశ్నలా ఉంది గానీ అరుగు మీద కూర్చున్న మనిషికి కొడుకు వీధి మలుపు తిరిగినప్పుడే కనిపించి ఉంటాడు. తెలిసిన సంగతే అడుగుతున్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. "అమ్మ లోపలుంది" అని ఎవరూ అడగలేదు. మాట్లాడే బాధ్యతని ఆవిడ మీదకి తోసేస్తున్నాడు. భోంచేశారా అంటే జవాబు చెప్పకుండా తోట సంగతి ఎత్తాడు. స్క్రిప్టులో ఇలాంటి చోటు కనపడితే అక్కడ ఆగిపోవాలి. అడిగినదానికి చెప్పినది అతకలేదంటే, అడిగినదానికన్నా పెద్దది ఏదో ఆ మనిషి నోటిదాకా వచ్చి ఉంది.

ఆ వాక్యంలో "రేపు" ఎక్కడుందో చూడండి. "రేపు రెండో తోటలో దింపు ఉంది" అంటే కబురు. "రెండో తోటలో దింపు ఉంది రేపు" అంటే, "రేపు" చివర మిగిలిపోయి ఊగుతోంది. ఉండరా అని అడగడం అది. ఆ మనిషికి అంతకంటే సూటిగా అడగడం చేతకాదు. కొడుకు కూడా అదే "రేపు"తో మొదలుపెట్టి వెళ్ళిపోవాలన్నాడు. దాంతో తండ్రి వెనక్కి తగ్గి, కొడుకు తరఫున సాకు కూడా తనే వెతికి ఇచ్చాడు, "పనులుంటాయిగా" అని. ఆ "గా" లో ఉన్నదంతా గొంతు వణికిస్తే పోతుంది. నాలుగో టేకులో నేను దాన్ని మామూలుగా, తువ్వాలు దులుపుకుంటూ చెప్పే మాటలా చెప్పాను. ప్రయోక్త ఏమీ అనలేదు, తర్వాతి సీను కానివ్వమన్నారు.

ఇంకో రెండు సంగతులు అప్పుడు నాకు పట్టుబడలేదు, చాలా ఏళ్ల తర్వాత తట్టాయి. ఒకటి, ఆ నాటకం మొదట్లో ఒక పాత సీను ఉంది. పదేళ్ల కొడుకు తోటలోకి చెంబు తెచ్చి "నాన్నా, నీ మొక్కలకి నీళ్లు" అంటాడు. అరుగు మీద సీన్లో అదే కొడుకు "మీరు భోంచేశారా" అంటున్నాడు. "నువ్వు" ఎప్పుడు "మీరు" అయింది? రచయిత ఎక్కడా చెప్పలేదు. కానీ తండ్రి చెవికి ఆ "మీరు" తగిలి ఉంటుంది. ఆయన భోజనం మాటకి జవాబివ్వకపోవడానికి అదే కారణం కావచ్చు. మర్యాద పెరిగి దగ్గరితనం తగ్గిన ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి.

రెండోది, "రెండో తోట". అదే స్క్రిప్టులో ముందు ఒకచోట, 1996 తుపానుకి తోటంతా పడిపోతే మళ్లీ మొక్కలు నాటిన సంగతి వస్తుంది. ఆ నవంబరులో కోనసీమలో ఎన్ని కొబ్బరి చెట్లు కూలాయో మావాళ్లకి చెప్పక్కర్లేదు. నాటు రకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. చెంబుతో నీళ్లు తెచ్చిన పిల్లాడు ఆ మొక్కలకే తెచ్చాడు. అంటే దింపు అన్నది ఒక రోజు పని మాత్రమే కాదు, వాళ్లిద్దరూ కలిసి పెంచిన తోట ఇచ్చిన కాయ. ఇది నేను కల్పించింది కాదు, స్క్రిప్టులోనే వేరే పేజీలో ఉంది. నా లైన్లు మాత్రమే గీతలు గీసుకుని చదివాను కాబట్టి నాకు కనపడలేదు. అందుకే చెప్తున్నాను, మీ లైన్లకి రంగు పూసుకోవడం ఆఖర్న చెయ్యండి. ముందు మొత్తం కథ చదవండి. మీ పాత్ర లేని పేజీల్లోనే మీ పాత్ర సంగతులు ఉంటాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొత్తవాళ్లు పాత్రకి చిన్నప్పటి కష్టాలు, చచ్చిపోయిన తమ్ముడు, విఫలమైన ప్రేమ అన్నీ తామే అల్లేసుకుంటారు. స్క్రిప్టు మోయలేనిది దాని మీద పెట్టకండి. కాగితంలో ఉన్నదాన్ని లెక్కకట్టండి, చాలు. గోదారి మధ్య లంక గ్రామంలో 2022 జులై వరద నేపథ్యంగా కథ వచ్చిందనుకోండి, మీ పాత్రకి అరవై ఏళ్లు. 1986 ఆగస్టు వరదప్పుడు ఆవిడకి ఇరవై నాలుగు. పిల్లల తల్లి అయి ఉండొచ్చు. ఇప్పుడు ఆవిడ "ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చారంట" అంటుంది. అదే మాట వార్తలు చదివేవాళ్లు చెప్తే బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరిందని అర్థం. ఆవిడ చెప్తే, అప్పట్లో ఏ రాత్రి ఏం సర్దుకుని పడవెక్కిందో అదంతా లోపల కదులుతుంది. వయసు లెక్క ఒక్కటి వేసుకుంటే గొంతు దానంతటదే దిగుతుంది.

ఈ లోపలి అర్థాన్ని చాలామంది సబ్‌టెక్స్ట్ అంటున్నారు. రష్యా దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ, ఆయన మాస్కో ఆర్ట్ థియేటర్, అక్కడ ఆడిన చెహోవ్ నాటకాలు, అక్కడి నుంచి ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. నేర్చుకోవాల్సిందే. కానీ మనవాళ్లు కూడా దీని గురించి చాలా లోతుగా ఆలోచించారు. మాటకి మూడు శక్తులున్నాయన్నారు, అభిధ, లక్షణ, వ్యంజన. లంకల్లో పుట్టినవాళ్లకి ఇది ఒక్క మాటతో తెలిసిపోతుంది: "గోదారి వచ్చింది." ఉన్న అర్థం, అంటే అభిధ తీసుకుంటే, గోదారి ఎక్కడికో వెళ్లి రాలేదు, ఎప్పుడూ అక్కడే ఉంది. కాబట్టి వరద వచ్చిందని అర్థం చేసుకుంటాం, అది లక్షణ. ఆ మాట తెల్లవారుజామున పక్కింటాయన మన గుమ్మంలో నిలబడి అంటే, గేదెల్ని గట్టెక్కించు, బియ్యం అటక మీదకి చేర్చు, ముసలమ్మని లేపు అని. ఇవేవీ ఆయన అనలేదు. అవన్నీ వ్యంజన. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు దీన్నే ధ్వని అని, కావ్యానికి ఆత్మ అదేనన్నాడు.

భరతుడి నాట్యశాస్త్రంలో వాచికం, అంటే మాటతో చేసే అభినయం గురించి చెప్పేచోట కాకువు అనే మాట ఉంది. గొంతు మార్పుతో అర్థాన్ని మార్చడం. అది రెండు రకాలు. ఇంకా ఏదో మిగిలిపోయినట్టు పలికితే సాకాంక్షం, చెప్పాల్సింది అయిపోయినట్టు పలికితే నిరాకాంక్షం. ఆ తండ్రి లైనుకి ఇది అచ్చంగా సరిపోతుంది. "వెళ్ళు." అక్కడ అయిపోయింది, తలుపు మూసేశాడు. "పనులుంటాయిగా" అన్నచోట కొంచెం తెరిచి ఉంచాడు. ఈ రెండు మాటలు నాకు పని నేర్చుకునే రోజుల్లోనే తెలిసి ఉంటే ఎంతో తేలికయ్యేది. స్టూడియోలో మీ స్క్రిప్టు అంచున "సా", "ని" అని పెన్సిలుతో రాసుకోండి. నేను అలాగే రాసుకుంటాను.

తెలుగులో మనకి ఇంకో పెద్ద ఆధారం ఉంది. ఇంగ్లీషువాళ్లు ఒక పదాన్ని నొక్కి పలికి తెచ్చే తేడాని మనం చాలాసార్లు ఒక అక్షరం తగిలించి తెస్తాం. వాడొచ్చాడు. వాడూ వచ్చాడు. వాడే వచ్చాడు. వచ్చాడుగా. వచ్చాడులే. వచ్చాడంట. "వచ్చాడుగా" అంటే ఇక ఆ గొడవ ఆపమని. "వచ్చాడులే" అంటే నాకేం పట్టలేదని, లేదా పట్టనట్టు కనపడాలని. "వచ్చాడంట" అన్నవాడు తను చూడలేదని చెప్పడమే కాదు, చూడటానికి వెళ్లలేదని కూడా చెప్తున్నాడు. మంచి రచయిత ఈ అక్షరాల్ని ఊరికే వెయ్యడు. కాబట్టి స్క్రిప్టు చేతికి రాగానే ఈ ఏ, ఊ, గా, లే, అంట, మరి, కదా అన్నీ గుండ్రంగా చుట్టుకోండి. ఒక్కొక్కటి తీసేసి లైను చదవండి. తీసేస్తే ఏం పోయిందో అదే మీరు వెతుకుతున్నది.

మన గోదావరి జిల్లాల యాస పాత్రలకైతే "ఆయ్" దగ్గర జాగ్రత్త, అవునండి అన్నట్టు వాడే మాట అది. బయటివాళ్లు రాసిన స్క్రిప్టుల్లో తాలింపులో ఆవాల్లా చల్లేస్తారు, దర్శకులు కూడా దాన్ని నవ్వు కోసం లాగి పలకమంటారు. మన ఊళ్లలో "ఆయ్" చాలా బరువైన మాట. పాలేరు కామందుతో "ఆయ్" అన్నాడంటే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాకపోవచ్చు. ఇష్టం లేకపోయినా మీ మాట కాదనలేనని కావచ్చు. పొట్టిగా, కిందికి దించి పలికిన "ఆయ్"లో ఎంత ఎదురు తిరగడం ఉంటుందో నేను మా పొలం గట్ల మీద విన్నాను. అలాగే "కాఫీ తాగుతారా" అంటే మర్యాద. "కాఫీ తాగి వెళ్దురుగాని" అని లేవబోతున్న మనిషితో అంటే, చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదు, ఇంకాసేపు కూర్చోమని. ఇవి బయటివాళ్లకి నేర్పాలి. మనకి ఉగ్గుపాలతో వచ్చాయి, కాగితం చూడగానే మర్చిపోతాం, అంతే తేడా.

ఇక గొంతులోకి ఎలా తేవాలన్నది. రంగస్థలం మీదైతే తండ్రి నేల చూపులు చూడొచ్చు, చుట్ట వెలిగించుకోవచ్చు. మనకి కళ్లు లేవు, చేతులు లేవు. ఉన్నవి ఊపిరి, లైను మొదలుపెట్టే ముందు ఖాళీ, వేగం, వాక్యం చివర గొంతు ఎటు వెళ్తుందనేది, మైకుకి ఎంత దూరంలో ఎటు తిరిగి ఉన్నామనేది. ఇందులో నేను అన్నిటికన్నా నమ్మేది ఊపిరి. దాస్తున్న మనిషి ఊపిరి పూర్తిగా తీసుకోడు. పైపైన తీసుకుని, సగంలో ఆపి, ఆపినదాని మీద మాట్లాడతాడు. చేసి చూడండి. పొట్ట నిండా గాలి తీసుకుని "నాకేం పర్లేదు" అనండి. తర్వాత సగం ఊపిరి మీద అనండి. గొంతులో ఏమీ మార్చక్కర్లేదు, అదే మారిపోతుంది. చాలామంది గొంతుతో మొదలుపెట్టి భావం కోసం ప్రయాసపడతారు. నన్నడిగితే ఊపిరి సరిచేసుకున్నాక గొంతు జోలికి వెళ్లక్కర్లేదు.

మైకుకి మామూలుగా జానెడు దూరంలో ఉంటాం. అవతలి మనిషి కళ్లలోకి చూడలేక చెప్పే మాటైతే నిజంగానే తల కొంచెం పక్కకి తిప్పండి. గొంతులో పదును తగ్గి, మొహం తిప్పుకున్నట్టే వినిపిస్తుంది. ముందే ఇంజనీరుకి చెప్పండి, లేకపోతే తప్పనుకుని ఆపేస్తారు. చేతులకి పని ఇవ్వండి. చప్పుడు చెయ్యని మెత్తటి తువ్వాలు పట్టుకుని మడతపెడుతూ చెప్తే, మనసు లైను మీంచి తప్పుకుంటుంది. మనిషి అసలు మాట దాచేటప్పుడు చేతులతో ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు.

నేను రోజూ చేసేదొకటి చెప్తాను. ప్రతి ముఖ్యమైన లైను కింద, ఆ మనిషికి భయం, బిడియం, పరువు ఏవీ అడ్డు లేకపోతే ఏమనేవాడో పెన్సిలుతో రాస్తాను. దాన్ని అసలు మాట అంటాను. పుస్తక భాషలో రాయకూడదు. మన ఇంట్లో మనం ఎలా అంటామో అలాగే రాయాలి. "పనులుంటాయిగా" కింద నేను రాసుకున్నది "ఉండిపోరా" అని ఒక్క మాట. తర్వాత ఫోన్లో రికార్డు పెట్టి, అసలు మాట పైకి అని, అదే ఊపిరిలో స్క్రిప్టు లైను చెప్తాను. ఉండిపోరా. వెళ్ళు. పనులుంటాయిగా. పదిసార్లు అలా చేశాక, అసలు మాటని పెదవులు కదపకుండా లోపలే అనుకుని లైను మాత్రం బయటికి చెప్తాను. అనుకోవడానికి పట్టే ఆ కొంచెం సేపే మీకు కావలసిన ఖాళీ. అసలు మాట నాలుగైదు పదాలు మించితే మీకు ఇంకా దొరకలేదని అర్థం. "ఒంటరితనం వల్ల కలిగిన వేదన" అని రాసుకున్నవాళ్లని చూశాను, దాన్ని ఏ గొంతూ పలకలేదు. లోపల ఉన్నది కూడా ఒకరు ఇంకొకరితో అనే మాట అయి ఉండాలి.

చెవి కోసం ఒక మాట. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదారి వశిష్ఠ పాయ దాటడానికి పంటు ఎక్కుతాం కదా. అవతలి ఒడ్డు వచ్చేదాకా చెయ్యడానికేమీ ఉండదు, సగంమంది ఫోన్లు మాట్లాడుతుంటారు. మనకి ఒకవైపు మాటలే వినపడతాయి. వాయిస్ పని చేసేవాళ్లకి అంతకన్నా మంచి పాఠం లేదు. ఒకసారి నా పక్కన నిలబడ్డ ఆవిడ అంటోంది: "ఆ... తిన్నానే. తిన్నాను. నువ్వు తిన్నావా? సరే. సరేలే. వాళ్లని పడుకోనీ." మొదటి "తిన్నానే" తేలిగ్గా వచ్చింది. రెండో "తిన్నాను" కొంచెం గట్టిగా, తొందరగా. అవతలివాళ్లు నమ్మలేదన్నమాట. ఆవిడ తినలేదని నాకప్పుడే అర్థమైంది, గొంతులో ఎక్కడా నీరసం లేదు, బాధ లేదు. రెండోసారి చెప్పాల్సి రావడమే చెప్పేసింది. అప్పట్నుంచి స్క్రిప్టులో ఒక మాట రెండుసార్లు వస్తే మొదటిదాన్నీ రెండోదాన్నీ ఒకేలా చెప్పను. ఎవరి మాటలూ ఫోన్లో రికార్డు చెయ్యకండి, అది తప్పు. చెవితో విని గుర్తుపెట్టుకోండి.

డబ్బింగ్ గురించి క్లుప్తంగా. అక్కడ లోపలి అర్థం అప్పటికే ఒక నటుడి మొహం మీద ఉంది. సౌండ్ పూర్తిగా తీసేసి ఆ సీను రెండుసార్లు చూడండి. తర్వాత లిప్ చూసుకోండి. ప, బ, మ దగ్గర పెదవులు కలిసేలా సరిపెట్టే టెన్షన్‌లో పడితే కళ్లలో ఉన్నది జారిపోతుంది. వేరే భాష నుంచి వచ్చినదైతే "నువ్వు", "మీరు" అన్నది మన మాటల రచయిత తీసుకున్న నిర్ణయం. అవి ఎక్కడ మారాయో అడిగి తెలుసుకోండి.

ఆడియో పుస్తకాల్లో దీనికి ఉల్టా. "కోపం దాచుకుంటూ అన్నాడు" అని రచయితే చెప్పేస్తే, మళ్లీ గొంతు కూడా అదే చెప్పక్కర్లేదు. వాక్యం చేసిన పనిని వాక్యానికి వదిలెయ్యండి. ప్రకటనల్లో, బ్యాంకు ఫోన్లో "ఒకటి నొక్కండి" లాంటి వాటిలో వెతకడానికి పెద్దగా ఏమీ ఉండదు, స్పష్టంగా, మనిషిలా చెప్తే చాలు. ప్రతి లైను కిందా బావి తవ్వేవాళ్లు కథంతా బరువుగా చేసేస్తారు. పది లైన్లలో ఎనిమిది పైకి కనపడే అర్థంతోనే నడవాలి, అప్పుడే మిగతా రెండూ తగులుతాయి.

ఇప్పుడు మీ లైను. "ఇక్కడ అంతా బాగానే ఉంది. నువ్వేం బెంగెట్టుకోకు."

"బాగుంది" అనలేదు, "బాగానే" అంది. ఆ "ఏ" తీసేసి చదివి చూడండి, ఏం పోయిందో తెలుస్తుంది. "అంతా" అంది, బాగాలేనిది ఒకటుంది కాబట్టి అన్నిటినీ కలిపేసింది. "ఇక్కడ" అన్నదాంట్లో "అక్కడ నీకెలా ఉందే" అన్నది ఉంది. అంతా బాగుంటే బెంగ ఎందుకు, వద్దని చెప్పడం ఎందుకు? మొత్తం స్క్రిప్టు మీకు ఇచ్చి ఉంటే, బాగాలేనిది ఏమిటో వెతకండి. అప్పు కావచ్చు, పిల్లాడి జ్వరం కావచ్చు. ఇవ్వకపోతే దర్శకుణ్ణి అడగండి. అడగడం తప్పు కాదు, మంచి దర్శకులు దానికి సంతోషిస్తారు.

ఎన్ని గంటలకి మాట్లాడుతున్నారో కూడా చూడండి. ఆ కూతురు కువైట్‌లో ఉందనుకుంటే అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక. పనంతా అయి రాత్రి పదిన్నరకి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ ఒంటిగంట. అంటే ఈ తల్లి అంతసేపూ మేలుకుని కూర్చుంది. పక్కన మనవలు పడుకుని ఉన్నారు, గొంతు పెంచడానికి లేదు. కూతురు కూడా అవతలినుంచి ఏదో దాస్తూనే ఉంటుంది, ఈవిడకి అది తెలుసు. ఇలాంటి ఫోన్లు మన కోనసీమలో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి, మీరు వినే ఉంటారు. ఆ ఇళ్లలో తల్లులు ఏడుస్తూ మాట్లాడరు. ఇక్కడ ఏడిస్తే అక్కడ పిల్ల తిండి మానేస్తుందని వాళ్లకి తెలుసు.

నేనైతే అసలు మాట "ఎప్పుడొస్తావే" అని రాసుకుంటాను. మీకు వేరేది దొరకొచ్చు, దొరికితే మీదే వాడండి. ఈ రాత్రి అందరూ పడుకున్నాక, వంటింట్లో నేల మీద కూర్చుని ఫోన్లో రికార్డు చెయ్యండి. సగం ఊపిరి తీసుకోండి. అసలు మాట లోపల అనుకోండి. "ఇక్కడ అంతా బాగానే ఉంది" అన్నది, ఇందాకే ఆవిడ కూరగాయల ధర చెప్పినట్టు, అంత మామూలుగా చెప్పండి. "నువ్వేం" దగ్గర మాత్రం తొందరపడకండి.

ఆడిషన్‌కి మళ్లీ పిలిచినప్పుడు, లైను అయిపోగానే మైకు ముందునుంచి జరగకండి. అవతలినుంచి కూతురు ఏమంటుందో వింటూ, ఇంజనీరు ఆపమనేదాకా అలాగే ఉండండి. ఆ ఒకటి రెండు సెకన్లలో వచ్చే ఊపిరిని చాలాసార్లు ఎడిటింగులో ఉంచేస్తారు.